పదును పుట్టిన దారి

డమాస్కస్‌ కత్తులకు ఉక్కునిచ్చిన ఊళ్లలో ఒకటి మన నిజామాబాద్‌ జిల్లాలోనే ఉంది. ఆ దారిలో ఓసారి వెళ్లొస్తే వంటింట్లో కత్తిని చూసే తీరే మారిపోతుంది.

టమాటా మీద కత్తి ఆన్చి కాస్త లాగితే చాలు, తెగాలి. తెగకుండా నలిగి రసం కారిందంటే తప్పు టమాటాది కాదు. కత్తి నూరాల్సిన చోట మనం పళ్లు నూరుతుంటాం!

ఏ ఇంట్లో చూసినా వంటింటి సొరుగులో నాలుగైదు కత్తులుంటాయి. బాగా తెగేది మాత్రం ఒక్కటీ ఉండదు. మొద్దుబారింది కదా అని సంతలోనో, సూపర్‌మార్కెట్లోనో ఇంకోటి కొంటాం. కొద్ది నెలలు తిరిగేసరికి అదీ అంతే. కొత్త కత్తి కొనడం తెలిసినంతగా ఉన్న కత్తికి పదును పెట్టడం తెలియకుండా పోయింది. ఒకప్పుడు ప్రపంచానికి ఉక్కు పంపిన నేల మీద ఇదేం చిత్రం అనిపిస్తే, హైదరాబాద్‌ నుంచి ఉత్తరం వైపు ఒక్కరోజు ప్రయాణం పెట్టుకోండి.

రాళ్లు, పసుపు చేలు దాటుకుంటూ...

44వ నంబరు జాతీయ రహదారి మీద కామారెడ్డి దాటాక ఇందల్వాయి వస్తుంది. ఇప్పుడు అందరికీ అది టోల్‌ప్లాజాగానే గుర్తు. 1660ల్లో ఈ దారినే గోల్కొండకు వెళ్లిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో మాత్రం ఇందల్వాయిని కత్తులు, బాకులు, బల్లేలు తయారుచేసే ఊరుగా రాసుకున్నాడు. అప్పట్లో నిజామాబాద్‌ పేరు ఇందూరు.

ఇంకాస్త ముందుకెళితే ఆర్మూరు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే నల్లటి బండల గుట్ట దూరం నుంచే కనిపిస్తుంది. అదే నవనాథ సిద్ధుల గుట్ట. అక్కడ కుడివైపు తిరిగి మెట్‌పల్లి, జగిత్యాల వైపు వెళ్లే రోడ్డెక్కాలి. వానాకాలం నుంచి సంక్రాంతి దాకా ఈ దారికి రెండువైపులా పసుపు చేలు ఏపుగా పెరిగి పచ్చగా ఉంటాయి. ఆ తర్వాత ఆకు కోసి, కొమ్ములు తవ్వి, ఉడకబెట్టి ఎండబోస్తారు. ఆకు కోయడానికి కొడవలి, తవ్వడానికి గడ్డపార. రైతుకు ఏ పని మొదలవ్వాలన్నా ముందు కమ్మరి పని అయ్యుండాలి. ఈ దారిలో వచ్చే మండల కేంద్రం పేరులోనే ఆ సంగతి ఉంది... కమ్మర్‌పల్లి.

ఆ మండలంలోనిదే కోనసముద్రం. కోనసముందర్‌ అని కూడా పిలుస్తారు. చూడ్డానికి మామూలు పల్లె. కోటలూ గోపురాలూ ఉంటాయనుకుని వెళితే నిరాశే. ఈ ఊరు చరిత్రకెక్కింది రాతికట్టడాలతో కాదు, అరచేతిలో పట్టే ఉక్కు ముద్దలతో.

మట్టి మూసలో మహా ఉక్కు

హెన్రీ వాయ్‌సే ఓ ఆంగ్లేయ వైద్యుడు. భూగర్భ శాస్త్రం కూడా తెలిసినవాడు. భారతదేశాన్ని కొలిచిన మహా సర్వేలో పనిచేస్తూ 1820ల మొదట్లో కోనసముద్రం వచ్చి, ఇక్కడ ఉక్కు ఎలా చేస్తున్నారో దగ్గరుండి చూసి రాసుకున్నాడు. 1824లో ఆయన చనిపోయాక, 1832లో కలకత్తాలోని ఏషియాటిక్‌ సొసైటీ పత్రికలో ఆ వివరాలు అచ్చయ్యాయి.

ఆయన చూసింది ఇదీ. రెండుచోట్ల ఖనిజం నుంచి తీసిన రెండు రకాల ఇనుమును ముక్కలు చేసి, పాళ్లు చూసి మట్టి మూసలో వేస్తారు. మూత పెట్టి మట్టితో గాలి చొరకుండా మెత్తుతారు. కొలిమిలో పెట్టి, తిత్తులు ఊదుతూ దాదాపు 24 గంటలు కాస్తారు. తర్వాత మూసను నేల మీద పెట్టి నెమ్మదిగా చల్లారనిస్తారు. పగలగొడితే లోపల ముప్పావు కిలో లోపు బరువుండే ఉక్కు బిళ్ల!

పని అక్కడితో అయిపోలేదు. ఆ బిళ్ల ఎంత గట్టిగా ఉంటుందంటే, అలాగే సుత్తితో కొడితే పగిలిపోతుంది. అందుకే దాన్ని మట్టితో కప్పి మళ్లీ గంటల తరబడి కాచి చల్లార్చేవారు. సాగే గుణం వచ్చేదాకా అలా మూడు నాలుగుసార్లు చేసేవారు. కత్తి గురించి మొదటి పాఠం ఇక్కడే ఉంది. ఉక్కు వట్టి గట్టిగా ఉంటే చాలదు. గట్టిదనం పదును నిలుపుతుంది, సాగే గుణం కత్తి విరగకుండా కాపాడుతుంది. రెండూ సరిపాళ్లలో కుదరాలి.

ఈ ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు ఇస్ఫహాన్‌ నుంచి స్వయంగా ఈ ఊరికి వచ్చేవారు. అలా వచ్చిన ఓ వర్తకుణ్ని వాయ్‌సే ఇక్కడే కలిశాడు. ఇలాంటి బిళ్లల్ని పశ్చిమాసియా కమ్మరులు జాగ్రత్తగా సాగగొడితే, కత్తి ఒంటి మీద నీటి అలల్లాంటి గీతలు తేలేవి. ఐరోపా వాళ్లు వాటినే డమాస్కస్‌ కత్తులన్నారు. ఆ ఉక్కుకు ఇంగ్లిషులో స్థిరపడిన పేరు ‘వూట్జ్‌’. మన దక్షిణాది భాషల ‘ఉక్కు’ మాటే అలా మారిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

అన్నట్టు, ఇదంతా యుద్ధాల కత్తుల ముచ్చటే కాదు. 1790ల్లో బొంబాయి నుంచి లండన్‌ రాయల్‌ సొసైటీకి భారతీయ ఉక్కు నమూనాలు వెళ్లాయి. జేమ్స్‌ స్టోడార్ట్‌ అనే కత్తుల తయారీదారు ఆ ఉక్కుతో మొదట చేసిన వస్తువు... కలాలు చెక్కుకునే చిన్న చాకు. దాని పదును చూసి మురిసిపోయిన స్టోడార్ట్‌, తర్వాత మైకేల్‌ ఫారడేతో కలిసి ఈ ఉక్కు రహస్యం ఛేదించడానికి ఏళ్లపాటు ప్రయోగాలు చేశాడు. ఫారడే కూడా కమ్మరి కొడుకే!

కొలిమి చల్లారింది

19వ శతాబ్దం గడిచేకొద్దీ ఈ ఉక్కుకు గిరాకీ పోయింది. యుద్ధాల్లో కత్తుల స్థానం తుపాకులు ఆక్రమించాయి. ఇంగ్లాండు కర్మాగారాల నుంచి చవక ఉక్కు వచ్చిపడింది. కొలిమికి కావాల్సిన బొగ్గుకూ అడవి అందుబాటులో లేకుండా పోయింది. ఇంగ్లాండులోని ఎక్సెటర్‌ యూనివర్సిటీ, బెంగళూరులోని నేషనల్‌ ఇనిస్టిట్యూట్‌ ఆఫ్‌ అడ్వాన్స్‌డ్‌ స్టడీస్‌ కలిసి 2010లో ఉత్తర తెలంగాణలో చేసిన సర్వేలో ఇనుము, ఉక్కు తయారీ ఆనవాళ్లు రెండు వందలకు పైగా చోట్ల కనిపించాయి. ఎక్కువచోట్ల మిగిలింది చిట్టెం కుప్పలు, మూసల పెంకులే. పొలం చదును చేసినప్పుడల్లా అవీ కొంచెం కొంచెంగా మాయమవుతున్నాయి.

మూసలో ఉక్కు వండే విద్య పోయినా కమ్మరి పని ఉండిపోయింది. తొలకరికి ముందు నాగలి కర్రు, కోతలకు ముందు కొడవలి కక్కు, ఇంటికో గొడ్డలి, కత్తిపీట... అన్నీ ఊళ్లోనే తయారయ్యేవి. పంట చేతికొచ్చాక రైతు గింజలు కొలిచేవాడు. ట్రాక్టరు వచ్చింది, కర్రు పోయింది. కోత మిషను వచ్చింది, కొడవలి పోయింది. ఇక మిగిలింది కత్తిపీట. వంటగట్టు ఎత్తు పెరిగి అందరం నిలబడి వండటం మొదలుపెట్టాక అదీ అటకెక్కింది.

కొలిమి ముందు కూర్చోవాల్సిన కుర్రాళ్లు దుబాయ్‌కో మస్కట్‌కో వెళ్లారు. ఈ ప్రాంతంలో గల్ఫ్‌లో మనిషి లేని ఊరు అరుదు. ఒకప్పుడు ఇక్కడి ఉక్కు వెళ్లిన దిక్కుకే ఇప్పుడు ఇక్కడి మనుషులు వెళుతున్నారు. తేడా ఒక్కటే. అప్పుడు కొనేవాళ్లే ఇక్కడికి వచ్చేవారు.

ఇంకా కొలిమి రాజేస్తున్నవారు అక్కడక్కడా ఉన్నారు. సంతల్లో, రోడ్డు వారన తిత్తి బదులు చిన్న మోటారు ఫ్యాను పెట్టుకుని పనిచేస్తుంటారు. పాత లారీల కమాన్‌ పట్టీలే వాళ్ల ముడిసరుకు. ఇది చవకబారు ఇనుమేం కాదు. లారీ బరువు మోస్తూ లక్షలసార్లు వంగి లేచినా విరగని ఉక్కు. ముక్క కోసి, ఎర్రగా కాల్చి, దాగలి మీద సాగగొట్టి, అంచు పలచన చేసి, మళ్లీ కాల్చి ముంచి తీస్తే మంచి కత్తి అవుతుంది. దానికి పేరుండదు, పెట్టె ఉండదు, ప్రకటన ఉండదు. పాడైతే బాగుచేసే మనిషి మాత్రం ఉంటాడు.

కత్తి ఎంచుకోవాలంటే...

కొలిమి దగ్గరికెళ్లి కత్తి కావాలంటే ముందు మనకే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ‘‘దేనికి సార్‌... కూరగాయలకా, మాంసానికా, కొమ్మలు కొట్టనీకా?’’ దుకాణంలో ఎవరూ అడగని ప్రశ్న ఇది. బొక్కలు కొట్టే కత్తికి మందం కావాలి. ఉల్లిపాయ తరిగే కత్తికి పలచని అంచు కావాలి. రెండు పనులూ ఒకే కత్తితో చేస్తే రెండూ చెడతాయి. అందుకే...

* ఇంటికి డజను కత్తులు అక్కర్లేదు. కూరగాయలకు జానెడు పొడవున్నది, తొక్కలు తీయడానికి చిన్నది, బ్రెడ్డుకు రంపపు పళ్లది... ఈ మూడూ చాలు. మాంసం ఇంట్లోనే కొట్టేవాళ్లకు మరొకటి.

* స్టీలు గిన్నెకు వాడే రకమూ, కత్తికి వాడాల్సిన రకమూ ఒకటి కాదు. గిన్నెల స్టీలును కాల్చి ముంచినా గట్టిపడదు, పదును నిలవదు. చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. అసలు అంటుకోలేదంటే ఆ కత్తిని వదిలేయండి. అంటుకుంటే మంచిదేనని హామీ లేదు కానీ, మొదటి పరీక్ష నెగ్గినట్టే.

* తుప్పు పట్టని స్టీలులో క్రోమియం కనీసం పది శాతానికి పైగా ఉంటుంది. ఇంగ్లాండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ 1913లో ఇలాంటి స్టీలు తయారుచేసి, కత్తులకు పనికొస్తుందంటే మొదట్లో ‘తెగని కత్తి’ అని నవ్వారు. ఇప్పుడు మంచి రకాలు వచ్చాయి. మామూలు ఉక్కు కత్తి త్వరగా పదునెక్కుతుంది కానీ తడి ఉంటే తుప్పు పడుతుంది. కడిగి తుడిచే ఓపిక ఉంటే ఉక్కు, లేదంటే స్టెయిన్‌లెస్‌. ఎంపికకు ఇంతకంటే పెద్ద సూత్రం లేదు.

* కత్తి ఇనుము పిడి చివరిదాకా వెళ్లిందో లేదో చూడండి. సగంలో ఆగితే కొన్నాళ్లకు ఊగుతుంది. తడిచేత్తో పట్టుకున్నా జారకూడదు. అంచును కంటికి ఎదురుగా పెట్టి చూస్తే తిన్నగా కనిపించాలి.

* కత్తిపీట అయితే పీట బరువుగా ఉండాలి. ఇనుము దిగిన చోట కదలిక ఉండకూడదు. మడతపెట్టే రకమైతే మడత దగ్గర వదులు లేకుండా చూసుకోవాలి.

పదును పెట్టడం బ్రహ్మవిద్యేం కాదు

కత్తి మొద్దుబారడమంటే ఏమిటి? కంటికి కనిపించనంత సన్నగా ఉండే అంచు వంగిపోవడం, గుండ్రంగా అరిగిపోవడం. వంగితే సరిచేయొచ్చు. అరిగితే రెండు పక్కలా కొంచెం ఇనుము తీసి మళ్లీ అంచు తేవాలి. ఇంతే సంగతి.

హార్డ్‌వేర్‌ దుకాణంలో ఒకవైపు గరుకుగా, ఒకవైపు నున్నగా ఉండే కార్బొరండం రాయి దొరుకుతుంది. పది నిమిషాలు నీళ్లలో నానబెట్టండి. జారకుండా కింద తడిబట్ట వేయండి. కత్తి వీపును రాయి నుంచి కొంచెం పైకెత్తి, అంచును రాయికి ఆన్చండి. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు కత్తికి వీపు ఒక సెంటీమీటరు లేస్తే దాదాపు 15 డిగ్రీల వాలు వస్తుంది. కూరగాయల కత్తికి అది చాలు. మాంసం కత్తికి మరికాస్త ఎక్కువ. ఎంత ఎత్తు పెట్టినా చివరిదాకా అదే ఎత్తు ఉండాలి. ఇందులో నైపుణ్యమంతా దీనిలోనే ఉంది.

ఇప్పుడు పిడి దగ్గర నుంచి కొన దాకా రాయంతా తగిలేలా మెల్లగా నడపండి. బలం అక్కర్లేదు. కాసేపయ్యాక అవతలి పక్క బొటనవేలితో వీపు నుంచి అంచు వైపు అడ్డంగా తడిమితే సన్నని గరుకు తగులుతుంది. అంచు వెంబడి మాత్రం వేలు పోనివ్వొద్దు. ఆ గరుకు కత్తి పొడవునా తగిలితే ఒక పక్క పూర్తయినట్టు. అప్పుడు రెండో పక్క. తర్వాత రాయి తిప్పి నున్నటి వైపు అదే పని తక్కువ ఒత్తిడితో చేయాలి. మధ్యమధ్యలో నీళ్లు చల్లుతుండాలి.

చివరి గరుకు పోవడానికి మంగలి కత్తిని తోలుపట్టీ మీద రుద్దినట్టు, అంచు వెనక్కి ఉండేలా పాత తోలు బెల్టు మీద పదిసార్లు అటూ ఇటూ లాగండి. బెల్టు లేకపోతే చదివేసిన దినపత్రికను నాలుగు మడతలు వేసి దాని మీద లాగినా సరే. ఆదివారం అనుబంధానికి అలా కూడా ఒక ఉపయోగం! పదునెక్కిందో లేదో అదే కాగితం చెబుతుంది. నిలబెట్టి పట్టుకుని కోస్తే చిరగకుండా తెగాలి.

రాయి లేకపోతే? పింగాణీ కప్పును బోర్లిస్తే అడుగున మెరుపు లేని గరుకు అంచు ఉంటుంది. దాని మీద నాలుగుసార్లు నూరితే ఆ పూటకు పని జరుగుతుంది. పాత ఇళ్లలో రోటి అంచు మీద నూరింది కూడా ఈ లెక్కనే. కత్తుల సెట్టుతో వచ్చే గుండ్రటి కడ్డీ వంగిన అంచును నిలబెడుతుంది తప్ప అరిగిన అంచును తిరిగి తేలేదు. సందులో పెట్టి లాగే చిన్న పరికరాలు పని త్వరగా చేస్తాయి కానీ ఇనుమును ఎక్కువగా తినేస్తాయి.

కత్తిపీటకైతే రాయినే దాని దగ్గరికి తీసుకెళ్లాలి. సన్నగా పొడవుగా ఉండే రాయిని తడిపి, అంచు నుంచి బయటికి పోయేలా రెండు పక్కలా రుద్దాలి. ఇంకొకరు పీట కదలకుండా పట్టుకుంటే మేలు.

సైకిల్‌కి స్టాండు వేసి, పెడల్‌ తొక్కుతూ సాన పట్టే మనిషి వీధిలోకి వస్తే వదలకండి. ఒక్కటి గమనించండి. నిప్పురవ్వలు ఎక్కువగా లేస్తూ అంచు నీలం రంగుకు తిరుగుతుంటే అక్కడ ఉక్కు గట్టిదనం కోల్పోతున్నట్టు. పని తెలిసినవాళ్లు కత్తిని క్షణమే ఆన్చి తీస్తారు, నీళ్లలో ముంచుతారు.

కడగాలి, తుడవాలి, దాచాలి

పదును పెట్టడం నెలకోసారి పని. పదును కాపాడుకోవడం రోజూ పని. నిజానికి కత్తిని కూరగాయలు పాడుచేయవు, మన గ్రానైట్‌ గట్టు పాడుచేస్తుంది. గ్రానైటు, గాజు, స్టీలు పళ్లెం... వీటి మీద కోస్తే ఎంత మంచి కత్తి అయినా మొద్దుబారుతుంది. చెక్క పలకో, ప్లాస్టిక్‌ పలకో వాడండి. తరిగిన ముక్కల్ని పలక మీద నుంచి తోసేటప్పుడు అంచుతో కాకుండా కత్తి వీపుతో తోయండి.

సింకులో అంట్లగిన్నెల అడుగున కత్తి వేయకండి. అంచు పోవడం సరే, తెలియక చెయ్యి పెట్టినవాళ్ల వేలు తెగుతుంది. కోయగానే కడిగి, వెంటనే పొడిబట్టతో తుడవాలి. నిమ్మకాయ, చింతకాయ, టమాటా కోశాక ఉక్కు కత్తి నల్లబడుతుంది. అది తుప్పు కాదు, భయం లేదు. ఎర్రటి తుప్పు కనిపిస్తే నానిన చింతపండుతో రుద్ది కడిగి ఆరబెట్టండి. కొన్నాళ్లు వాడకుండా పెట్టేటప్పుడు రెండు చుక్కలు కొబ్బరినూనె రాస్తే చాలు. సొరుగులో చెంచాల మధ్య దొర్లనివ్వకుండా అట్టముక్కతో చిన్న ఒర చేసి పెట్టండి.

కత్తిని చేతికివ్వకూడదు, కింద పెట్టాలి అంటారు ఇంట్లో పెద్దలు. ఇస్తే గొడవలొస్తాయని నమ్మకం. గొడవల మాటెలా ఉన్నా, వేళ్లు మాత్రం భద్రం. చాలామంది మొద్దు కత్తే క్షేమం అనుకుంటారు. అది పొరపాటు. మొద్దు కత్తిని గట్టిగా నొక్కాలి, నొక్కితే జారుతుంది, జారితే వేలి మీదికే వస్తుంది. పదునున్న కత్తి మనం చెప్పిన చోటే తెగుతుంది.

దసరాకి ఆయుధపూజ రోజున కొలిమిలో సుత్తికీ దాగలికీ, పొలంలో ట్రాక్టరుకీ, ఇంట్లో కత్తిపీటకీ పసుపు కుంకుమ పెడతాం. ఈసారి బొట్టు పెట్టేముందు కత్తిని రాయి మీద పెట్టి చూడండి. అటక మీది కత్తిపీట దించి, మీ ఊళ్లోనో పక్క సంతలోనో ఇంకా కొలిమి రాజేస్తున్న మనిషి దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన అడిగేది కొత్త కత్తి ఖరీదులో కొంతే. కోనసముద్రం ఉక్కు చేసినవాళ్ల విద్య, అడిగేవాళ్లు లేక పోయింది. కత్తికి పదును పెట్టేవాళ్ల విద్య ఇంకా పోలేదు. కాకపోతే అదీ అడిగేవాళ్ల కోసమే చూస్తోంది.